హరిత భాగస్వామ్యంలో రైతు వాటా ఏది?

పూడిమడక తీరంలో హరిత హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరి 8న ప్రధాని విశాఖలో శంకుస్థాపన చేశారు. పెట్టుబడి సుమారు 1,85,000 కోట్ల రూపాయలు. స్థలం ఏపీఐఐసీ ఇచ్చిన 1,200 ఎకరాలు. ఒకప్పుడు అక్కడ బొగ్గు కరెంటు కేంద్రం పెడతామన్నారు. ఇప్పుడు దాని బదులు ఎండతో, గాలితో తీసిన కరెంటుతో నీటి నుంచి హైడ్రోజన్ తీస్తారట. బొగ్గు పొగ, బూడిద లేకుండా పోతే మన పొలాలకూ మేలే. కాబట్టి మనం దీన్ని వద్దనడం లేదు. ఇందులో రైతు ఎక్కడున్నాడని మాత్రం అడుగుతున్నాం.

ఎన్టీపీసీ గ్రీన్ ఎనర్జీ, రాష్ట్ర ప్రభుత్వ సంస్థ నెడ్‌క్యాప్ హరిత ఇంధనం కోసం చెరి సగం వాటాతో ఉమ్మడి కంపెనీ పెట్టాయి. పెట్టుబడి పెట్టేవాడికి వాటా ఉంది, అనుమతులిచ్చే ప్రభుత్వానికి వాటా ఉంది. భూమి, నీరు ఇచ్చే పల్లెకు ఏ కాగితంలో వాటా రాశారు?

మొదటి సంగతి ఎరువు. పూడిమడకలో రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్, దాని నుంచి మిథనాల్, విమాన ఇంధనం, హరిత యూరియా వంటివి 7,500 టన్నులు తయారుచేస్తామని కేంద్రం ప్రకటించింది. ప్రధానంగా ఎగుమతి కోసమేనని ఆ ప్రకటనలోనే ఉంది. 2025 ఖరీఫ్‌లో మన రైతులు చెప్పులు, పాసు పుస్తకాలు వరసలో పెట్టి సొసైటీల ముందు తెల్లవార్లూ కాచుకున్నారు. 266 రూపాయల 50 పైసల బస్తా బయట ఎంతకు కొన్నారో ఎవరికి వారికి తెలుసు. మన ఒడ్డున తయారయ్యే యూరియా ఓడెక్కిపోతుంటే, మనం మాత్రం విదేశీ యూరియా ఓడ ఎప్పుడొస్తుందా అని చూడాలా?

లెక్క వేద్దాం. టన్ను హైడ్రోజన్‌తో దాదాపు పది టన్నుల యూరియా అవుతుంది. పూడిమడక హైడ్రోజన్‌లో పదో వంతు, అంటే రోజుకు 150 టన్నులు ఎరువుకు మళ్లిస్తే 1,500 టన్నుల యూరియా వస్తుంది. 45 కిలోల బస్తాలైతే రోజుకు 33 వేలు. హరిత యూరియాకు ఖర్చు ఎక్కువంటారు, నిజమే. దిగుమతి యూరియాకు కేంద్రం ఇప్పటికే సబ్సిడీ భరిస్తోంది కదా. ఆ డబ్బే ఇక్కడి యూరియాకు ఇవ్వమంటున్నాం.

రెండోది నీరు. కిలో హైడ్రోజన్‌కు శాస్త్రం ప్రకారమే తొమ్మిది లీటర్ల శుద్ధ నీరు కావాలి. 1,500 టన్నులకు రోజుకు కోటీ 35 లక్షల లీటర్లు. శుద్ధి చేయడానికి, యంత్రాలు చల్లబరచడానికి అయ్యేది వేరే. రైవాడ నీరు నగరానికి పోతోందని, ఆ నీరు ఆయకట్టుకే ఇవ్వాలని శారదా నది రైతులు ఎన్నేళ్లుగా పోరాడుతున్నారో మనకు తెలుసు. ఏలేరు కాలువ ఇప్పటికే ఉక్కు కర్మాగారాన్నీ నగరాన్నీ మోస్తోంది. పక్కనే సముద్రం ఉంది. ఉప్పునీటినే శుద్ధి చేసి వాడతామని, సాగునీటి బొట్టు ముట్టబోమని రాతపూర్వకంగా చెప్పాలి. శుద్ధిలో మిగిలే గాఢమైన ఉప్పునీరు ఎక్కడ వదులుతారో పూడిమడక మత్స్యకారులకు ముందే చెప్పాలి.

మూడోది భూమి. ఈ కేంద్రానికి 20 గిగావాట్ల కరెంటు కావాలి. అంతా సౌర పలకలతోనే తీస్తే, మెగావాట్‌కు నాలుగైదు ఎకరాల చొప్పున 80 వేల నుంచి లక్ష ఎకరాలు. కొంత గాలి మరలతో వచ్చినా మిగతా భూమి ఎవరిది? మెట్ట రైతుది, డి-పట్టా రైతుది. అది దున్నే కౌలు రైతు పేరు ఏ జాబితాలోనూ ఉండదు.

విశాఖ ఉక్కు కోసం 1966లో 32 మంది ప్రాణాలిచ్చారు. ఆ ఫ్యాక్టరీకి భూములిచ్చిన కుటుంబాల్లో ఆర్ కార్డు పట్టుకుని ఉద్యోగం కోసం ఇంకా ఎదురుచూస్తున్నవారు వేలల్లో ఉన్నారు. పూడిమడక పక్కనే అచ్యుతాపురం సెజ్‌లో 2024 ఆగస్టు 21న జరిగిన ప్రమాదంలో 17 మంది చనిపోయారు. నోటిమాటను నమ్మే రోజులు పోయాయి.

అందుకే మన సంఘం కోరేవి ఇవి. హైడ్రోజన్‌లో పదో వంతు రాష్ట్ర రైతుల ఎరువుకు కేటాయించాలి. నీటి ఒప్పందాన్ని తెలుగులో పంచాయతీ బోర్డు మీద పెట్టాలి. సౌర పలకలకు భూమి కొనకూడదు, కౌలుకే తీసుకోవాలి; దాన్ని దున్నుతున్న కౌలు రైతుకూ పరిహారం రాయాలి. ఉమ్మడి కంపెనీలో ప్రభుత్వ వాటాకు వచ్చే లాభంలో కొంత భూములిచ్చిన గ్రామాలకు ఏటా చేరాలి. ప్రమాద నివారణ కమిటీల్లో చుట్టుపక్కల గ్రామస్తులు ఉండాలి.

రాంబిల్లి, అచ్యుతాపురం మండలాల్లోనే కాదు, సౌర పలకల కోసం సర్వేయరు గొలుసు పట్టుకుని వచ్చిన ప్రతి ఊళ్లో గ్రామసభ పెట్టించి ఈ కోర్కెలను తీర్మానం చేద్దాం. తీర్మానం నకలు సంఘం ఆఫీసుకు పంపండి. సంతకాలు పూర్తయ్యాక అడిగితే అర్జీ అంటారు. ఇప్పుడే అడిగితే అది మన వాటా.