పది లక్షల వాచీ, బొంతపల్లి లెక్క

సాఫ్ట్‌వేర్ జనాల్లో ఈమధ్య వాచీల పిచ్చి బాగా ముదిరింది. బోనస్ పడగానే "ఇది ఖర్చు కాదు బాస్, ఇన్వెస్ట్‌మెంట్" అనే మాట క్యాంటీన్లో తరచూ వినబడుతోంది. అందులోనూ అందరి కన్నూ డైవ్ వాచీల మీదే. రోలెక్స్ సబ్‌మెరైనర్ పది లక్షల చుట్టుపక్కల ఉంది, ఒమెగా సీమాస్టర్ అందులో సగం పైచిలుకు. అంత పెట్టడానికి తగ్గ సరుకు వాటిలో ఉందా? నా జవాబు ముందే చెప్పేస్తా. పని కోసమైతే లేదు. ముచ్చట కోసమైతే మీ ఇష్టం, కాకపోతే ముచ్చటని ముచ్చట అనే పిలవండి.

నేనుండేది బొంతపల్లిలో. బయటివాళ్ళకి ఈ ఊరు వీరభద్రస్వామి గుడితో తెలుసు, మాకు గుడితో పాటు మందుల ఫ్యాక్టరీలతో కూడా తెలుసు. ఇక్కణ్ణుంచి బొల్లారం, పటాన్‌చెరు దాకా ఎంతోమంది బతుకు ఒక సూత్రం మీద నడుస్తోంది: పరీక్షలో నెగ్గిన మందు, పేరేదైనా మందే. 1970 నాటి పేటెంట్ చట్టం మందుకి కాకుండా తయారీ పద్ధతికే పేటెంటు ఇవ్వడంతో ఈ బెల్టు పెరిగింది (2005లో ఆ చట్టం మారింది). జెనెరిక్ మందు అసలు మందుతో సమానమని తేల్చడానికి మాటలు చాలవు. అది రక్తంలోకి ఎంత చేరింది, ఎంత వేగంగా చేరింది అని మనుషుల మీద కొలుస్తారు. లెక్క హద్దుల్లో ఉంటే పాస్, లేకపోతే ఫెయిల్. డబ్బా ఎంత అందంగా ఉందో ఎవడూ అడగడు.

డైవ్ వాచీకీ అలాంటి పరీక్షే ఉంది, పేరు ఐఎస్ఓ 6425. వాచీ కనీసం 100 మీటర్ల లోతుకి సరిపడాలి. రాసుకున్న లోతు కంటే 25 శాతం ఎక్కువ ఒత్తిడి పెట్టి చూస్తారు, అదీ శాంపిల్ తీసి కాదు, ప్రతి వాచీకీ. వేణ్ణీళ్ళలోంచి చన్నీళ్ళలోకి, మళ్ళీ వేణ్ణీళ్ళలోకి మారుస్తారు. వేడెక్కించిన వాచీ అద్దం మీద చల్లటి నీళ్ళు వేసి లోపల ఆవిరి పడుతుందేమో చూస్తారు. చీకట్లో 25 సెంటీమీటర్ల దూరం నుంచి టైము కనబడాలి. సబ్‌మెరైనర్‌కి 300 మీటర్ల రేటింగ్ ఉంది. పాతిక ముప్ఫై వేలకి దొరికే సిటిజెన్ ప్రోమాస్టర్ 200 మీటర్లతో ఇదే పరీక్ష నెగ్గింది. సరదాకి చేసే స్కూబా డైవింగుకి హద్దు 40 మీటర్లు. స్కూబా గేరుతో అత్యంత లోతుకి వెళ్ళిన రికార్డు, 2014లో ఈజిప్టులో పెట్టింది, 332 మీటర్లు. మరి మనవాళ్ళ వాచీ చూసే అతిపెద్ద సముద్రం గచ్చిబౌలి వర్షం :)

టైము సంగతి చూద్దాం. రోలెక్స్ చెప్పే హద్దు రోజుకి రెండు సెకన్లు ఇటూ అటూ. మెకానికల్ వాచీకి అది గొప్ప పనితనం. కానీ నెలకి లెక్కేస్తే నిమిషం దాకా పోవచ్చు. మామూలు క్వార్ట్జ్‌కి నెలకి పదిహేను సెకన్లు. సీకో 1969 డిసెంబర్ 25న మొదటి క్వార్ట్జ్ చేతివాచీ అమ్మిన రోజే ఈ పోటీ ఒక రకంగా ముగిసింది.

అసలు టైము ప్రాణమైన చోట ఇప్పుడు ఎవరేం వాడుతున్నారు? నీళ్ళలోకి దిగేవాడు డైవ్ కంప్యూటర్ నమ్ముకుంటాడు. ఇక మా ఊరి ఫ్యాక్టరీల్లో రియాక్టర్ దగ్గర నిమిషాలు లెక్కపెట్టే ఆపరేటరు చేతికి వాచీయే ఉండదు. ప్రొడక్షన్ ఏరియాలోకి వెళ్ళేముందు ఉంగరంతో పాటు అదీ తీసి లాకర్లో పెట్టాలి, జీఎంపీ నిబంధన. నిజంగా టైముతో పనున్నవాడు వాచీ తీసేసి పనిచేస్తున్నాడు, లేనివాడు పది లక్షలది కట్టుకుని స్టాండప్ మీటింగుకి పది నిమిషాలు లేటుగా వస్తున్నాడు.

కనిపెట్టినవాడికి ప్రతిఫలం ఇవ్వొద్దా అంటారు. ఇవ్వాలి. కొత్త మందుకి పేటెంటు ఇరవై ఏళ్ళు ఇస్తాం. బ్లాంక్‌పాన్ ఫిఫ్టీ ఫాథమ్స్, సబ్‌మెరైనర్ రెండూ 1953 నాటివి, డెబ్భై ఏళ్ళు దాటాయి. వాటి నునుపు, సెరామిక్ బెజెల్, చేతికి అమరే చెయిను, ఇవన్నీ నిజంగానే బాగుంటాయి, కాదనను. అయితే మూడు వందల రెట్లు కాదు గానీ ముప్ఫై రెట్లు ఎక్కువ ధరకి అవి ముప్ఫై రెట్లు బాగుండవు.

రీసేల్ ఉంటుంది కదా అంటారు. 2022 మొదట్లో ఆకాశానికెక్కిన సెకండ్ హ్యాండ్ ధరలు తర్వాత రెండేళ్ళలో దిగొచ్చాయి. పైగా అప్పు చేసి కొనేవాళ్ళున్నారు. పది లక్షలు 14 శాతం వడ్డీకి మూడేళ్ళకి తీసుకుంటే ఈఎంఐ నెలకి 34 వేల పైన. వడ్డీయే 2 లక్షల 30 వేలు. ఆ వడ్డీ డబ్బులతోనే ఏడు సిటిజెన్లు వస్తాయి!

గట్టి అభ్యంతరం ఇంకొకటుంది: చవకకి దాచిన ఖరీదు ఉంటుంది. ఆ సంగతి మా బెల్టుకి ఎవరూ చెప్పనక్కర్లేదు. పటాన్‌చెరు దగ్గర ఫ్యాక్టరీల వ్యర్థాలు శుద్ధి చేసే కేంద్రం నుంచి వచ్చే నీళ్ళలో సిప్రోఫ్లాక్ససిన్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. ప్రపంచానికి మందు చవకైంది, ఖరీదు మా చెరువులు కట్టాయి. కాబట్టి చవకని అనుమానించడం న్యాయమే. కానీ ఎక్కువ ధర పెట్టినంతమాత్రాన ఆ అదనం పనివాళ్ళకో నీళ్ళకో చేరుతుందని ఏ బిల్లులోనూ రాసుండదు. అది విడిగా అడిగి తెలుసుకోవాల్సిందే.

ఇంకోమాట, జెనెరిక్ వేరు, నకిలీ వేరు. "ఫస్ట్ కాపీ" పేరుతో అమ్మేది ఏ పరీక్షా నెగ్గలేదు, అది కేవలం పేరు దొంగిలించిన సరుకు. సీకో, సిటిజెన్ తమ పేరుతో తమ వాచీ అమ్ముకుంటున్నాయి. సీకో మనకి కొత్తేం కాదు కూడా, మన హైదరాబాద్ ఆల్విన్ ఒకప్పుడు వాచీలు చేసింది ఆ కంపెనీ సాంకేతిక సహకారంతోనే.

అంచేత కొనేముందు మూడు చూసుకోండి. డయల్ మీద "డైవర్స్" అని, పక్కన లోతు రాసుందా? సర్వీసు చేసేవాళ్ళు హైదరాబాదులో ఉన్నారా? కంపెనీ పేరు చెరిపేసి ఇస్తే అదే ధరకి కొంటారా? మూడోదానికి కూడా అవునంటే నిశ్చింతగా కొనుక్కోండి, అది మీ ముచ్చట. కాదంటే మీరు కొంటున్నది ఎదుటివాళ్ళ చూపు. దానికి మూడేళ్ళ ఈఎంఐ చాలా ఎక్కువ అని నా అభిప్రాయం. మీరేమంటారు?