చవగ్గా పంపాలంటే ముందు కాగితాలు

శంషాబాద్ కార్గోలో ఎగుమతి, దిగుమతి పత్రాలు చూసే పని నాది. "అన్నా, నా దగ్గర టరాంటులా ఉంది, బెంగళూరులో దోస్తుకి పంపాలె, తక్కువలో అయ్యేటట్టు చూడు" అని అడిగే కుర్రాళ్లు ఈమధ్య పెరిగారు. సాలీడును భద్రంగా పంపడానికి పెద్దగా ఖర్చు కాదు. కష్టమంతా అది ఎక్కడ పుట్టిందో నిరూపించడంలోనే ఉంది. ఆ కష్టం తప్పించుకోబోయి దాని ప్రాణం తీస్తున్నారు.

ప్యాకింగ్‌కు కాళ్లు ముడుచుకుని కూర్చునేంత డబ్బా చాలు. పెద్దదైతే లోపల ఎగిరిపడి పొట్ట పగులుతుంది, ఆ గాయమైతే బతకడం కష్టం. తడిపి పిండిన టిష్యూ చుట్టూ సర్ది, మూతకు సన్నని చిల్లులు పెట్టి, థర్మోకోల్ పెట్టెలో దించాలి. బయల్దేరే ముందు మేత వద్దు. పెద్ద టరాంటులా వారాల తరబడి తినకుండా ఉండగలదు, ఎండ దెబ్బకు మాత్రం ఆగలేదు. మే నెల మధ్యాహ్నం విమానం పక్కన ట్రాలీ మీద సరుకు ఎలా కాలిపోతుందో మాకు తెలుసు. కాబట్టి రాత్రిపూట నేరుగా వెళ్లే విమానం చూసుకోవాలి, ఎయిర్‌లైన్స్ ముందే ఒప్పుకోవాలి. బతికున్న జీవాల రవాణాకు విమాన సంస్థల అంతర్జాతీయ సంఘం ఐఏటీఏ నిబంధనలు వేరే ఉన్నాయి. పోస్టు మాటే ఎత్తొద్దు. అంతర్జాతీయ తపాలా తేనెటీగలు, జలగలు, పట్టుపురుగుల్లాంటి కొన్నిటినే ఒప్పుకుంటుంది.

అయినా పోస్టులో వస్తూనే ఉన్నాయి. 2021 జులైలో చెన్నై కస్టమ్స్ వాళ్లు పోలండ్ పార్సిల్ విప్పితే వెండి రేకు, దూది చుట్టిన 107 బుల్లి సీసాలు బయటపడ్డాయి. అన్నిట్లోనూ బతికున్న సాలీళ్లే. వాటిని తిరిగి పోలండ్‌కే పంపేయాలన్నారు. అంత దూరం చీకట్లో వచ్చిన జీవాలకు మళ్లీ అంత ప్రయాణం!

మన గుత్తి సాలీడు కథ నాకు ఇంకా బాధ కలిగిస్తుంది. నీలంగా మెరిసే ఈ టరాంటులా గుత్తి రైల్వే కలప యార్డులో దొరికితే, 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త దాన్ని లోకానికి పరిచయం చేశాడు. అడవి నుంచి కలపతోపాటు రైల్లో వచ్చి ఉంటుందంటారు. మళ్లీ 2001లో గాని నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో కనబడలేదు. చెట్లు నరికేస్తున్నందుకు, పెంపకానికి పట్టుకుపోతున్నందుకు 2008లో అది అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల్లో చేరింది. విదేశాల్లో మాత్రం పెంపుడు టరాంటులాగా దానికి మంచి గిరాకీ.

2019లో ఆ సాలీడు ప్రజాతి మొత్తం, వన్యజీవాల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలోకి వెళ్లింది. కుర్రాళ్లు మోజుపడే మెక్సికో ఎర్రమోకాళ్ల టరాంటులా అంతకు చాలాముందే అక్కడుంది. మన వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణ ప్రకారం అలాంటి జీవం ఇంట్లో ఉంటే నమోదు చేయాలి, చేతులు మారితే తెలియజేయాలి. నన్ను అడిగేవాళ్లలో చాలామంది దగ్గర కొన్న రసీదు కూడా ఉండదు. అది లేకపోతే నేను చేయి వేయను, రెట్టింపు ఇస్తానన్నా సరే.

ప్రభుత్వాన్ని కూడా ఒకటి అడగాలి. పట్టుబడ్డ జీవాన్ని వచ్చిన దారినే తిప్పి పంపడం శిక్ష కాదు, ఎందుకంటే దొంగ సరుకు తెప్పించినవాడికి దానివల్ల పోయేదేమీ లేదు. అత్తాపూర్‌లో డీఎన్‌ఏతో జాతి తేల్చే లాకోన్స్ ల్యాబ్ ఉంది, జంతువుల్ని చూసుకునే నెహ్రూ జూపార్కు ఉంది. రెండూ విమానాశ్రయానికి దూరం కాదు. పట్టుబడ్డ రోజే నీళ్లు, చల్లదనం అందేలా కార్గోలో ఒక గది, సాలీళ్లూ పాములూ పట్టడం తెలిసిన ఒక మనిషి ఉండాలి. తిప్పి పంపాలా వద్దా అన్నది ఆ తర్వాత తేల్చుకోవచ్చు.