కొత్త చేపకు వేరే తొట్టి
బిచ్కుంద లాంటి ఊళ్లో చేపలకు వైద్యం తెలిసినవాళ్లు దొరకడం కష్టం. అందుకే మందుసీసా కన్నా ముందు వేరే తొట్టి కొనాలంటాను. ఒంటిమీద ఉప్పు చల్లినట్టు కనిపించే తెల్లమచ్చల వ్యాధినే చూడండి. పరాన్నజీవి చర్మం కింద ఉన్నంతసేపు మందు తగలదు; బయటికొచ్చి నీళ్లలో ఈదే దశలోనే చస్తుంది. మచ్చలు పోయాయని వెంటనే మందు ఆపేవాళ్లు మోసపోయేది ఇక్కడే. స్పాంజి ఫిల్టరున్న ప్లాస్టిక్ టబ్బులో కొత్త చేపను 2 నుంచి 4 వారాలుంచితే రోగం చాలావరకు అక్కడే బయటపడుతుంది. ఆ స్పాంజిని ముందే పాత తొట్టిలో నాననిస్తే మేలు, అమోనియా పేరుకోదు.

చవక చేపకు ఇంత హంగామానా అంటారు. ప్రమాదం ఆ ఒక్కదానికే అయితే నేనూ ఒప్పుకునేవాణ్ణి. దుకాణంలో హుషారుగానే ఈదిందన్న మాటా నిలవదు, మచ్చ తేలకముందే రోగం అంటుకుని ఉండొచ్చు. ఇక విసిగి, మంజీరలోనో చెరువులోనో వదిలేయడం పుణ్యమేమీ కాదు: అక్వేరియంల కోసం తెచ్చిన దెయ్యం చేప ఇప్పుడు తెలుగు రాష్ట్రాల్లో మత్స్యకారుల వలలు చింపుతోంది.