గట్టు మీది గుడిసెకు కాగితం ఏది?

సార్వా కోతలు దగ్గరపడే రోజుల్లో నందివెలుగు చుట్టుపక్కల చేలల్లో యానాదులు కనిపిస్తారు. వెదురు బుట్టలు భుజాన వేసుకొని, గట్ల వెంట ఎలుక కన్నాలు వెతుక్కుంటూ పోతారు. పొద్దుగూకే వేళకు బుట్టలు పెట్టి, తెల్లవారకముందే వచ్చి తీస్తారు. పడిన ఎలుకలను లెక్కగట్టి రైతు డబ్బు ఇస్తాడు. ఏ కన్నంలో ఎలుక వున్నదో, ఏది వదిలేసి పోయిన కన్నమో మట్టి చూసి చెప్పగల నేర్పు వారిది. ఎకరానికి ఎన్ని బస్తాలు అయ్యాయని అరుగు మీద చెప్పుకొనేటప్పుడు ఈ బుట్టల సంగతి ఎవరూ తలవరు గాని, ఎలుక తగిలిన చేను ఎలా వుంటుందో చూసిన రైతుకు ఆ యానాది విలువ ఏమిటో తెలుసు.

ఆ మనిషి ఎక్కడ వుంటాడని అడిగితే వచ్చే జవాబు – కాలవ గట్టు మీద. కాకపోతే మురుగు కాలవ పక్కన, డొంక చివర, చెరువు పోరంబోకులో. తెనాలి మొదలు రేపల్లె, బాపట్ల దాకా ఇదే తీరు. గట్టు ఇరిగేషన్ శాఖది. డొంక పంచాయతీది. చెరువులో చేపలు వేలం పాడుకున్నవారివి. తరాల తరబడి ఆ వూరి పంటకు కాపలా కాసిన కుటుంబానికి ఇది మాది అని చూపించుకొనే సెంటు భూమి కాగితం మీద లేదు. కాలవ బాగుచేయాలన్నా, రోడ్డు వెడల్పు చేయాలన్నా ముందుగా లేవవలసిన గుడిసె అదే. నోటీసులో వారిని ఆక్రమణదారులని రాస్తారు. ఆ నోటీసు చదవగలిగినవారు ఆ గుడిసెల్లో అరుదు.

అనాది అన్న మాట నుంచే యానాది వచ్చిందని పెద్దలు చెబుతారు. ఆది ఎప్పుడో తెలియనంత పాతవారని అర్థం. అంతటి పాతవారికి అడంగల్‌లో చోటు లేకపోవడం విచిత్రం.

కాగితం లేని మనిషి కాగితం వున్న మనిషి చేతిలో ఎలా ఓడిపోతాడో 80 ఏళ్ల కిందటే ఆదిలాబాద్ అడవుల్లో ఒక పరిశోధకుడు గ్రామం గ్రామం తిరిగి రాసిపెట్టారు. మన ప్రాంతానికి ఆ అడవి దూరమే అయినా ఆయన చేసిన పని ఇక్కడి అధికారులు, రైతులు కూడా తెలుసుకోదగినది.

మనుషుల ఆచారాలను, బతుకుతెరువును పరిశోధించే శాస్త్రాన్ని మానవశాస్త్రం అంటారు. ఆ శాస్త్రం పేరిట మన వైపు వచ్చినవారు లేకపోలేదు. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది కులాలు, తెగల మీద 1909లో ఏడు సంపుటాలు వేశారు. యానాదుల గురించి, ఎరుకుల గురించి అందులో చాలా వున్నది. తలలు, ముక్కులు కొలతలు వేసి రాసుకోవడం ఆయన పద్ధతి. ముక్కు ఎంత పొడుగో రాసుకున్నారు గాని, ఆ మనిషి నిలబడిన నేల ఎవరి పేరున వున్నదన్నది ఆయనకు ముఖ్యమైన ప్రశ్న కాలేదు.

ఆ ప్రశ్న వేసినవారు క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. 1909లోనే వియన్నాలో పుట్టారు. 1936లో మొదటిసారి మన దేశం వచ్చి ఈశాన్యాన నాగా కొండల్లో పనిచేశారు. 1939లో తిరిగి వచ్చేసరికి యుద్ధం మొదలైంది. అప్పటికి ఆస్ట్రియా హిట్లర్ జర్మనీలో కలిసిపోయి వున్నందున ఆయన శత్రుదేశస్థుల లెక్కలోకి వచ్చారు. హైదరాబాద్ సంస్థానం దాటి పోరాదన్న షరతు మీద వుండనిచ్చారు. ఆ నిర్బంధమే తెలుగునాట గిరిజనులకు కలిసి వచ్చిందనాలి. ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ ముందు నల్లమల చెంచుల దగ్గర, ఆ తరువాత గోదావరి వైపు కొండరెడ్ల దగ్గర వున్నారు. అటునుంచి ఆదిలాబాద్ గోండుల్లోకి వెళ్లారు.

అప్పటికే ఆ అడవి రక్తం చూసింది. అడవి మీద, సాగు మీద తమకే హక్కు కావాలని నిలబడిన కుమ్రం భీం 1940లో జోడేఘాట్ దగ్గర నిజాం పోలీసుల తూటాలకు బలి అయ్యాడు. కాల్పులు జరిపిన ప్రభుత్వమే, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకొని రమ్మని హైమన్‌డార్ఫ్‌ను పురమాయించింది. ఆయన కచ్చేరీలో కూర్చొని దస్త్రాలు తిరగేయలేదు. మార్లవాయి అనే గోండు గూడెంలో గుడిసె వేసుకొని దంపతులిద్దరూ కాపురం పెట్టారు.

అక్కడ ఆయనకు తెలిసినది ఏ పల్లె రైతుకైనా ఇట్టే అర్థమవుతుంది. గోండులు కొన్నాళ్లు ఒక చెలక దున్ని, సారం తగ్గాక దానిని బీడు పెట్టి పక్క చెలకకు పోయేవారు. బీడు పెట్టిన భూమి వారి దృష్టిలో సొంత భూమే. రికార్డులో మాత్రం అది ఎవరిదీ కానిది. బయటి నుంచి వచ్చినవారు, చదువు వచ్చినవారు, పట్వారీతో పరిచయం వున్నవారు దానికి పట్టా చేయించుకున్నారు. ఇంకోపక్క అటవీ శాఖ హద్దురాళ్లు పాతి, ఆ గీతలోపల వున్న గూడేలను ఖాళీ చేయించింది. నిన్నటిదాకా తన చేను దున్నినవాడు ఇవాళ అదే చేనులో పాలేరు అయ్యాడు. గోండుకు సోమరితనం లేదు, తాగుడు వల్ల భూమి పోలేదు, పేరు రాయించుకోవడం తెలియక పోయిందని హైమన్‌డార్ఫ్ నివేదికల సారాంశం.

నివేదిక ఇచ్చి ఊరుకొని వుంటే ఆయన గురించి ఇంత చెప్పవలసిన పని లేదు. 1943లో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలుపెట్టించారు. పిల్లలకు గోండీ భాషలోనే వాచకాలు తయారయ్యాయి. తమ పిల్లలు చదువు నేర్చి పట్వారీ రాసినది చదవగలిగితే సగం దోపిడీ ఆగుతుందన్నది ఆలోచన. ఆయన నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారు అయ్యారు. గోండీ నేర్చుకొని గూడేలు తిరిగిన సేతుమాధవరావు పగిడి వంటి అధికారులు తోడయ్యారు. ఆ దశాబ్దంలో ఆదిలాబాద్ జిల్లాలో 11 వేలకు పైగా గిరిజన కుటుంబాలకు దాదాపు 1 లక్షా 60 వేల ఎకరాలకు పట్టాలు అందాయి. కంప్యూటర్లు, ఉపగ్రహ పటాలు లేని కాలంలో, బండి బాటలు కూడా సరిగా లేని అడవిలో జరిగిన పని అది. ఇవాళ తెనాలి నుంచి గంటలో ఏ ఊరికైనా వెళ్లగల అధికారులు ఈ సంగతి ఒకసారి గుర్తు చేసుకోవాలి.

భూమితోపాటే వారి పాటలు, కథలు కూడా ఆయన రాసుకున్నారు. గోండుల వంశగాథలు ప్రధానులు అనే వారి నోట వుండేవి. ఏ గోత్రం ఎక్కడినుంచి వచ్చింది, ఏ దేవతను ఎక్కడ నిలిపారు అన్నదంతా ఆ పాటల్లోనే వున్నది. అంటే అది కూడా ఒక విధమైన భూమి రికార్డే. పట్వారీ రికార్డుతో అది తూగలేదంతే. దీపావళి రోజుల్లో గోండులు ఆడే దండారి గుస్సాడీ నృత్యంలో పేరు తెచ్చుకొని 2021లో పద్మశ్రీ పొందిన కనకరాజు ఈ మార్లవాయి వారే కావడం విశేషం. కేస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులు వచ్చి గిరిజనుల అర్జీలు వినే దర్బారు కూడా 1940ల్లో హైమన్‌డార్ఫ్ చొరవతో మొదలైనదే. జిల్లా కలెక్టర్ ఆ దర్బారుకు వెళ్లి కూర్చోవడం ఆనవాయితీ అయింది.

ఇదంతా సుఖాంతం అనుకుంటే పొరపాటు. 1970ల చివర హైమన్‌డార్ఫ్ తిరిగి ఆ గూడేలకు వెళ్లినప్పుడు తాము పట్టాలిప్పించిన భూములే చాలావరకు పరుల చేతుల్లో వుండడం చూశారు. గిరిజన ప్రాంతాల్లో గిరిజనేతరులకు భూమి బదలాయించరాదని 1959లో నిబంధన వచ్చింది, 1970లో దానిని మరింత గట్టి చేశారు. 1/70 అని అందరూ చెప్పుకొనేది దీనినే. చట్టం పుస్తకంలో వుండగా భూమి చేతులు మారుతూనే వచ్చింది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గిరిజనుల సభ మీద కాల్పులు జరిగి, సర్కారు లెక్క ప్రకారమే 13 మంది చనిపోయారు. మరుసటి ఏడు, 1982లో వెలువడిన తన పుస్తకంలో హైమన్‌డార్ఫ్ ఈ తిరోగమనాన్ని దాచకుండా రాశారు. తాను చేసిన పని చెడిపోయిందని తానే రాసుకోవడానికి నిజాయితీ కావాలి. బెట్టీ 1987లో కన్నుమూశారు. ఆమె సమాధి మార్లవాయిలో వున్నది. ఆయన 1995లో లండన్‌లో మరణించగా, అస్థికలను చాలా ఏళ్ల తరువాత తెచ్చి ఆమె పక్కనే వుంచారు.

ఇక మన డెల్టా సంగతి. గుంటూరు, బాపట్ల జిల్లాల్లో మన వూళ్లు షెడ్యూల్డ్ ప్రాంతం కిందికి రావు కాబట్టి 1/70 ఇక్కడ వర్తించదు. అడవి లేదు కాబట్టి 2006 అటవీ హక్కుల చట్టం కూడా గట్టు మీది యానాదికి అక్కరకు రాదు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో యానాదులు 5 లక్షల 37 వేలు. ఇంత పెద్ద తెగ అయినా, మైదానంలో వూరికి పది గడపలుగా చెదిరి వున్నందున వారికి ప్రత్యేకమైన రక్షణ లేదు. పది గడపల ఓట్లకు సర్పంచి ఎన్నికలో కూడా లెక్క తక్కువే.

మన పక్కనే వున్న స్టూవర్టుపురం చరిత్ర ఇంకొక తీరు. 1913లో అప్పటి మద్రాసు ప్రభుత్వం ఎరుకులను అక్కడ చేర్చి సెటిల్‌మెంటు పెట్టింది, నడిపే బాధ్యత సాల్వేషన్ ఆర్మీకి అప్పగించింది. ఊరికి హెరాల్డ్ స్టూవర్ట్ అనే దొర పేరు పెట్టారు. వారి గురించి కూడా దొరల ప్రభుత్వం చాలా రాసింది. రాసినదంతా పోలీసు స్టేషను కోసం. పుట్టుకతోనే నేరస్థులన్న ముద్ర వేసిన ఆ చట్టం 1952లో రద్దయింది గాని, ఎరుకుల కుర్రవాడు పని అడగబోతే వూరి పేరు విని వెనక్కి పంపినవారు తరువాత కూడా వున్నారు. దాని మీద సినిమాలు తీసి సొమ్ము చేసుకున్నవారూ వున్నారు. ఉప్పు, మట్టి కలిసిన నేలను బాగుచేసుకొని బతికిన కుటుంబాల చెమట గురించి మాట్లాడినవారు తక్కువ.

యానాదులకు మనవారిలో ఒక పెద్దదిక్కు వుండేవారు. నెల్లూరు జిల్లాకు చెందిన వెన్నెలకంటి రాఘవయ్య స్వాతంత్ర్యోద్యమంలో పనిచేస్తూనే యానాదుల వాడలు తిరిగారు, నేరస్థ తెగల చట్టానికి వ్యతిరేకంగా పోరాడారు, 1962లో వారి మీద గ్రంథం రాశారు. 1973లో ప్రభుత్వం ఆయనకు పద్మభూషణ్ ఇచ్చింది. బిరుదు వచ్చింది గాని ఆయన అడిగిన పని పూర్తి కాలేదు. 1969లో రాకెట్ కేంద్రానికి శ్రీహరికోటను ఎంపిక చేసినప్పుడు ఆ దీవి అడవిని నమ్ముకొని బతికిన యానాదులు చోటు మారవలసి వచ్చింది. అక్కడి నుంచి ఎగిరే రాకెట్టును చూసి దేశమంతా గర్విస్తుంది, గర్వించాలి కూడా. ఆ నేల ఎవరిదన్న ప్రశ్న మాత్రం పాఠ్యపుస్తకంలో లేదు.

యానాదులకు స్థలం ఇస్తే వుండరు, అమ్ముకొని పోతారు అనేవారు మన గ్రామాల్లో చాలామంది వున్నారు. ఈ మాటలో కొంత నిజం లేకపోలేదు. ఇచ్చిన స్థలం వూరికి రెండు మైళ్ల దూరాన, వాన పడితే మోకాలి లోతు నీరు నిలిచే పల్లంలో వుంటే ఎవరు మాత్రం వుంటారు? చేపకు, పీతకు కాలవ దగ్గర కావాలి, కూలికి చేలు దగ్గర కావాలి. ఆ లెక్క అడగకుండా పటం మీద గీత గీసి కాలనీ అంటే అది ఖాళీగానే వుంటుంది. ఇక అమ్ముకోవడం అంటారా, పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమి కొనరాదని 1977లోనే చట్టం వచ్చింది. 2023లో, 20 ఏళ్లు దాటిన భూములకు ఆ కట్టు సడలించారు. అప్పటిదాకా అమ్మినవాడిది తప్పయితే, చట్టం తెలిసి కొన్న మోతుబరిది తప్పు కాదా? చదువు లేనివాడినే దోషిగా నిలబెట్టడం గ్రామ పెద్దరికానికి శోభ ఇవ్వదు.

చేయవలసిన పని పెద్దదేమీ కాదు. మండలానికి ఒక బృందం గట్ల వెంట, డ్రెయిన్ల వెంట నడిచి ప్రతి గుడిసెను లెక్కరాయాలి. ఎంత కాలంగా వున్నారో వూరి వృద్ధులను అడిగి నమోదు చేయాలి. ఆధార్, రేషను కార్డు, కుల ధ్రువీకరణ పత్రం లేనివారికి అక్కడికక్కడే అర్జీ తీసుకోవాలి. పుట్టిన తేదీ లేదని తిప్పి పంపితే, ఆ తేదీ రాయవలసినవారు ఎవరని తిరిగి అడగవలసి వస్తుంది. గట్టు మీద వుండనివ్వడం ప్రమాదమని ఇరిగేషన్ వారంటే, ఆ మాటా కాదనలేము. కాలవకు దగ్గరలోనే మెరక స్థలం చూసి, ఇంటి ఆడవారి పేరున పట్టా చేతికిచ్చిన తరువాతనే గుడిసె తీయమనాలి. పంచాయతీ చెరువుల్లో కొన్నింటినైనా వేలం లేకుండా వారి సంఘానికి అప్పగించే మార్గం చూడాలి. పాముకాటుకు, పసికాటుకు ఏ వేరు వాడతారో, ఏ మొక్క ఏ గట్టు మీద దొరుకుతుందో తెలిసిన వృద్ధులు ఇంకా కొందరు మిగిలి వున్నారు. వారి మాటలను వారి పేర్లతోనే రాయించే పని మన విశ్వవిద్యాలయాలకు భారం కాబోదు. గట్టు ఖాళీ చేయించి ఎక్కడికో పంపితే ఆ మొక్క పేరూ వారితోనే పోతుంది.

తెనాలి సబ్ కలెక్టర్ కార్యాలయంలో సోమవారం అర్జీలు తీసుకొంటారు. గట్టు మీది గుడిసె నుంచి అక్కడికి వచ్చేవారు తక్కువ. వస్తే ఒకరోజు కూలి పోతుంది, అర్జీ రాసినవారికి డబ్బు ఇవ్వాలి, లోపలికి ఎవరు పోనిస్తారన్న భయం వేరే వుంటుంది. కేస్లాపూర్‌లో కలెక్టర్ జాతర దగ్గరికి వెళ్లి కూర్చోగలిగినప్పుడు, ఇక్కడి తహశీల్దార్లు కాలవ గట్టు దాకా రాలేనంత దూరమేమీ లేదు. సార్వా కోతలకు యానాదులు ఎలాగూ బుట్టలు పట్టుకొని చేలకు వస్తారు. ఆ నెలలోనే లెక్కలు మొదలుపెడితే వారిని వెతికే శ్రమ కూడా తప్పుతుంది.