హక్కు అడగడానికి భయమెందుకు?

రేషను కార్డుకో, సామాజిక పింఛనుకో, ఆడపిల్ల పెళ్లికి రూ. 1,00,116 అందించే షాదీ ముబారక్‌కో అర్హత ఉండి కూడా దరఖాస్తు పెట్టని కుటుంబాలు దిల్‌సుఖ్‌నగర్, సరూర్‌నగర్, ఎల్బీనగర్ బస్తీలలో ఈనాటికీ కనిపిస్తున్నాయి. కారణం అడిగితే పెద్దలు గొంతు తగ్గించి ఒకే మాట చెబుతారు: కాగితాలు ఇచ్చిన తరువాత తాత పుట్టిన ఊరు అడిగితే ఏం చూపాలి, పేరులో అక్షరం తేడా ఉంటే ఏమంటారో అని. ఆకలిని ఓర్చుకుంటున్నారు గాని కార్యాలయం గడప తొక్కడం లేదు.

ఈ భయం ఊరికే పుట్టినది కాదు. 2020 ఫిబ్రవరిలో ఆధార్ సంస్థ హైదరాబాదు ప్రాంతీయ కార్యాలయం 127 మందికి నోటీసులు పంపింది. పౌరసత్వాన్ని రుజువు చేసే అసలు పత్రాలతో, ఎల్బీనగర్‌కు సమీపంలోనే ఉన్న బాలాపూర్‌లో విచారణకు రావాలని అందులో కోరారు. పౌరసత్వ సవరణ చట్టంపై దేశమంతటా ఆందోళనలు సాగుతున్న రోజులవి. విమర్శలు వెల్లువెత్తడంతో ఆ సంస్థే వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది. ఆధార్‌కు పౌరసత్వంతో సంబంధం లేదని, తప్పుడు వివరాలతో ఆధార్ పొందారంటూ పోలీసుల నుంచి నివేదిక అందినందున నోటీసులు ఇచ్చామని చెప్పింది. విచారణ మే నెలకు వాయిదా పడింది. నోటీసులు అందింది 127 మందికే అయినా, భయం మాత్రం బస్తీ బస్తీకీ పాకింది.

చట్టం మాత్రం స్పష్టంగానే ఉంది. 2016 నాటి ఆధార్ చట్టంలోని 9వ సెక్షన్ ప్రకారం ఆధార్ సంఖ్య పౌరసత్వానికి గాని, స్థిరనివాసానికి గాని రుజువు కాదు. నమోదుకు ముందు 12 నెలల కాలంలో 182 రోజులు ఈ దేశంలో నివసించిన వారికి ఇచ్చే గుర్తింపు అది. సంక్షేమ పథకానికి ఆధార్ అడగవచ్చునని 7వ సెక్షన్ చెబుతూనే, ఆ సంఖ్య ఇంకా రానివారికి ఇతర గుర్తింపులపై లబ్ధి అందించాలనీ చెబుతున్నది. 2013 నాటి ఆహార భద్రతా చట్టం 18 ఏళ్లు నిండిన పెద్ద మహిళనే రేషను కార్డులో కుటుంబ పెద్దగా గుర్తించింది. ఆదాయం, నివాసం, కుటుంబ సభ్యుల వివరాలు అడిగే అధికారం రేషను కార్యాలయానికి ఉంది. ఎవరు ఈ దేశ పౌరులో తేల్చే అధికారం దానికి లేదు.

భయంతో హక్కు వదులుకునే దుస్థితి మనకే పరిమితం కాదు. అమెరికా ప్రభుత్వం 2019లో ప్రకటించి, 2020 ఫిబ్రవరి నుంచి అమలు చేసిన ఒక నిబంధన ప్రకారం, ఆహార సహాయం వంటివి పొందిన వలసదారులకు శాశ్వత నివాసం నిరాకరించే అవకాశం ఏర్పడింది. ఆ నిబంధన వర్తించని కుటుంబాలు కూడా, అక్కడే పుట్టి పౌరులైన పిల్లలకు రావలసిన సహాయాన్ని సైతం వదులుకున్నాయి. 2021 మార్చిలో నిబంధన తొలగిపోయినా, భయం అంత త్వరగా తొలగలేదు.

దరఖాస్తు పెట్టనివాడు న్యాయస్థానం ముందు నిలబడలేడు. తెలంగాణలో 2016 మొదలుకొని సుమారు 19 లక్షల రేషను కార్డులు సరైన విచారణ లేకుండా రద్దయ్యాయి. మన నగర సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆ కార్డులన్నింటిపై క్షేత్రస్థాయి పరిశీలన జరపాలని రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. రద్దయిన కార్డుకు ఒక సంఖ్య ఉంది కనుకనే ఆ పోరాటం సాధ్యమైంది. అసలు అడగని కుటుంబం పేరు ఏ జాబితాలోనూ ఉండదు.

కార్యాలయాల తీరు ఎరిగినవారికి ఒక సంగతి తెలుసు: నంబరు పడని దరఖాస్తు ఫైలులోకి ఎక్కదు. కనుక మీ సేవలో ఇచ్చినా, కౌంటరులో ఇచ్చినా రసీదు తీసుకోవాలి. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా కోరాలి. ఇవ్వకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో అడగవచ్చు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఆ రుసుమూ లేదు. 30 రోజులలో జవాబు రావాలి. రేషను విషయంలో జిల్లా ఫిర్యాదుల అధికారికి, ఆపైన రాష్ట్ర ఆహార కమిషనుకు మొరపెట్టుకోవచ్చు. ఒక కాగితంలో మహమ్మద్, మరొకదానిలో ఎం.డి., ఇంకొక చోట బీ బదులు బేగం అని ఉంటే, అవసరం నెత్తి మీదికి రాకముందే సరిచేయించుకోవాలి.

మరొక మాట కఠినంగానే చెప్పాలి. దళారి చేతికి డబ్బిచ్చి తెచ్చుకున్న తప్పుడు పత్రం ఒక ఇంటినే కాక, పక్కింటి నిజమైన పత్రాన్ని కూడా అనుమానంలో పడేస్తుంది. బాలాపూర్‌లో తలదాచుకుంటున్న రోహింగ్యా శరణార్థులకు సాయపడదలచినవారు సైతం వారి ఉనికిని ఉన్నదున్నట్లుగా చూపే మార్గాలనే వెతకాలి. రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలు పౌరులకే కాక ఈ నేలపై ఉన్న ప్రతి మనిషికీ రక్షణనిస్తున్నాయి.

మస్జిదు కమిటీలకు మా విన్నపం ఒక్కటే. జుమా నమాజు తరువాత ఒక బల్ల వేయండి. ఫారాలు నింపగల ఇద్దరు యువకులను, వారితో పాటు ఒక సోదరిని కూర్చోబెట్టండి. ఎవరి దరఖాస్తుకు ఏ నంబరు పడిందో ఒక రిజిస్టరులో రాయండి. వితంతువు పింఛను కాగితం పట్టుకుని ఒంటరిగా కార్యాలయానికి వెళ్లే పరిస్థితి మన బస్తీలో ఉండకూడదు.