కోస్తా కుండీల్లో ఎర్ర రాస్ప్‌బెరీ కాయదు

సంపాదకులు గారికి,

రాస్ప్‌బెరీని కోస్తా జిల్లాల్లో కూడా కుండీల్లో పండించుకోవచ్చని గత సంచిక మిద్దెతోట పేజీలో రాశారు. షేడ్‌నెట్ కట్టి, చలికాలంలో మొక్క మొదట్లో ఐసు ముక్కలు వేస్తే సరిపోతుందన్నారు. అది చదివి డబ్బు పెట్టి మొక్కలు కొనబోయేవాళ్ళు ఉంటారు. వాళ్ళు కొనకముందే ఈ నాలుగు మాటలు చెప్పాలని రాస్తున్నాను.

ఎర్ర రాస్ప్‌బెరీ చలిదేశాల మొక్క. వేరు ఏళ్ళ తరబడి బతుకుతుంది, పైకి లేచిన కొమ్మ ఆయుష్షు మాత్రం రెండేళ్ళే. మామూలు రకాల్లో కొమ్మ మొదటి ఏడు పెరిగి, చలికి ఆకు రాల్చి నిద్రపోయి, రెండో ఏడు పూస్తుంది. ఆ నిద్ర వదలాలంటే ఏడు డిగ్రీల లోపు చలి రకాన్ని బట్టి 800 నుంచి 1,600 గంటల దాకా తగలాలి. మా తెనాలిలో సంక్రాంతి తెల్లవారుజామున కూడా పదిహేను డిగ్రీల కిందికి దిగడం అరుదు. పైగా ఈ చలి అందాల్సింది కొమ్మ మీది మొగ్గలకు. కుండీలో ఐసు వేస్తే వేరు చల్లబడుతుందే కానీ మొగ్గకు ఏమీ తెలియదు.

చలి అంతగా అక్కర్లేని రకాలున్నాయి కదా అని మొక్కలమ్మేవారు అంటారు. ఉన్నాయి. న్యూయార్క్ రాష్ట్రంలో 1969లో విడుదలైన హెరిటేజ్ అలాంటిదే. అది మొదటి ఏడే కొమ్మ చివర కాస్తుంది కాబట్టి నిద్ర సమస్య చాలావరకు తప్పుతుంది. కానీ ఎండ సమస్య అలాగే ఉంటుంది. ఈ మొక్క ఆకు బాగా పనిచేసేది ఇరవై డిగ్రీల దగ్గర. వేడి పెరిగేకొద్దీ పిండిపదార్థం తయారీ తగ్గిపోతుంది. మన రాత్రులు ఇంకా కష్టం. చల్లటి రాత్రుల్లో మొక్క పగటి సంపాదనను కాయకూ వేరుకూ దాచుకుంటుంది. ఉక్క రాత్రుల్లో ఆ సంపాదన శ్వాసక్రియకే ఖర్చయిపోతుంది. షేడ్‌నెట్ పగటి ఎండను కాస్త ఆపుతుంది, రాత్రి ఉక్కను ఆపలేదు. వేసవి రాత్రుల్లో ఇరవై ఎనిమిది డిగ్రీలు దాటే ఊళ్ళో ఆ మొక్క ఎదగదు, ఉన్న బలాన్ని కరిగించుకుంటూ బతుకుతుంది. ఇక పండు. ఒక్కో రాస్ప్‌బెరీ అంటే దగ్గరదగ్గర వంద చిన్న గింజపండ్ల గుత్తి. వేడికి పుప్పొడి చెడితే కొన్ని గింజలు కట్టవు, చేత్తో పట్టుకోగానే పండు పొడిపొడిగా రాలిపోతుంది.

తేమ చేసే నష్టం దీనికి తోడు. కోసినప్పుడు తొడిమ గుజ్జు చెట్టుకే ఉండిపోయి పండు లోపల బోలుగా ఉంటుంది. అందుకే అంత మెత్తన, అంత త్వరగా బూజు పట్టడం. వేరుకు ఫైటోఫ్తొరా అనే కుళ్ళు తెగులు గండం ఉంది. పొన్నూరు వైపు తమలపాకు రైతులకు ఈ పేరు చెప్పనక్కర్లేదు, తీగ మొదలు కుళ్ళబెట్టి తోటకు తోట ఎండబెట్టేది ఆ జాతి తెగులే. తుపాను వానలకు నీళ్ళు నిలిచే నల్లరేగడిలో రాస్ప్‌బెరీ వేరు దాన్ని తట్టుకోలేదు.

మెక్సికోలో వేలాది ఎకరాల్లో పండిస్తున్నారే అని కొందరు అడుగుతారు. నిజమే, కానీ అక్కడ హలిస్కో రాష్ట్రంలో చాలా తోటలు చపాలా సరస్సు చుట్టుపక్కల, సముద్రమట్టానికి సుమారు 1,500 మీటర్ల ఎత్తున ఉన్నాయి. మన దేశంలో రాస్ప్‌బెరీ పండే మహాబలేశ్వరం కూడా 1,300 మీటర్ల పైనే. లంబసింగిలో స్ట్రాబెరీ వచ్చింది కాబట్టి రాస్ప్‌బెరీ కూడా వస్తుందనే వాదన మరీ ఎక్కువగా వినిపిస్తోంది. స్ట్రాబెరీ పిలకల్ని వానలు తగ్గాక నాటి, చలికాలమంతా పండ్లు కోసుకుని, మరుసటి ఏడు కొత్త పిలకలు తెచ్చుకుంటారు. మే నెల ఎండనూ జూలై ముసురునూ ఆ మొక్క చూడనక్కర్లేదు. రాస్ప్‌బెరీ వేరు అవి రెండూ ఏటేటా భరించాలి. ఈ తేడా చెప్పకుండా రైతును కొత్త పంటలోకి దింపడం అన్యాయం.

అమెరికా దక్షిణ రాష్ట్రాలవాళ్ళు ఇదే ఉక్కతో తలపడి మొక్కనే మార్చుకున్నారు. ఉత్తర కరోలినాలో 1968లో సౌత్‌లాండ్, మిసిసిపీలో 1972లో డార్మన్‌రెడ్ అనే రకాలు వచ్చాయి. డార్మన్‌రెడ్‌కు ఓపిక ఇచ్చింది తూర్పు ఆసియా రాస్ప్‌బెరీ జాతి. రుచి మాత్రం పచ్చిగా తింటే చప్పన, జామ్‌కు నయం. ఇంకా దక్షిణాన ఫ్లోరిడా కొసన పెరళ్ళలో వేసేది మైసూరు రాస్ప్‌బెరీ. అది మన దేశపు మొక్కే. నీలగిరుల్లో, కొడైకెనాల్ దారుల్లో తెల్లటి బూడిద పూసినట్టుండే ముళ్ళ కొమ్మలతో పొదలు పొదలుగా పెరుగుతుంది. పండు ముందు ఎర్రబడి, మాగాక నల్లబడుతుంది. దానికి చలి గంటల పట్టింపు లేదు.

మన దగ్గర రాస్ప్‌బెరీ కావాలనుకుంటే మొదలుపెట్టాల్సింది ఆ పొద నుంచి. వెంకటరామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం వారు దక్షిణాది కొండల నుంచి మైసూరు రాస్ప్‌బెరీ రకాలను సేకరించి, చింతపల్లి మన్యంలో గిరిజన రైతుల పొలాల గట్ల మీద పరీక్షించాలి. పండు తీపి, ముళ్ళు, వానాకాలంలో వేరు ఆరోగ్యం చూసి మంచివాటిని ఏరాలి. ఒక జాగ్రత్త తప్పనిసరి. గాలపగోస్ దీవుల్లో ఇదే మొక్క పక్షుల వల్ల అడవంతా పాకి అక్కడి స్థానిక చెట్లను అణచేస్తోంది. మన దేశపు మొక్కే అయినా కొత్త కొండకు తీసుకెళ్ళేటప్పుడు ముందు కంచె లోపలే పెంచి చూడాలి.

మైదానాల్లో మిద్దెతోట వేసుకునేవారు మల్బరీ నాటుకోవచ్చు. కొమ్మ గుచ్చితే బతుకుతుంది, కత్తిరించినప్పుడల్లా కొత్త చిగురుతో పాటు పండ్లు కాస్తుంది, ఉక్కకు బెదరదు. ఇకపై మీ పేజీలో రాస్ప్‌బెరీ గురించి రాసేవారిని రకం పేరు, ఊరు, ఆ ఊరి ఎత్తు, మొక్క ఎన్ని వేసవులు దాటిందో రాయమని అడగండి. ఆ వివరాలు లేకపోతే దయచేసి అచ్చు వేయకండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
తెనాలి