ముసుగు బిగిస్తే లేహ్ రాదు

మొన్న ఉదయం పార్కులో నడుస్తుండగా, ముక్కుకూ నోటికీ నల్లని రబ్బరు ముసుగు బిగించుకొని పరుగెత్తుతున్న యువకుడొకడు నా దగ్గర ఆగాడు. సెప్టెంబరులో లేహ్‌లో జరిగే మారథాన్‌కు సాధన చేస్తున్నాడట. "ఇది పెట్టుకుంటే ఇక్కడే లద్దాఖ్ గాలి పీల్చినట్టు డాక్టరుగారూ" అన్నాడు. అమ్మినవాడు అలాగే చెప్పాడట. డబ్బు పోతే పోయింది. ఆ నమ్మకంతో విమానం దిగి మర్నాడే పరుగెత్తబోతున్నాడే, నా అభ్యంతరం అక్కడ.

గాలిలో ప్రాణవాయువు వాటా హైదరాబాదులోనూ లేహ్‌లోనూ దాదాపు 21 శాతమే. మారేది వాయుపీడనం. సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో అది సముద్రమట్టపు పీడనంలో మూడింట రెండు వంతులు మాత్రమే. ముసుగు పీడనాన్ని తగ్గించదు. గాలి వచ్చే దారిని ఇరుకు చేస్తుంది, అంతే. ఆయాసం నిజమే గాని, గంటసేపటి ఆ ఆయాసానికి మూత్రపిండాలు మోసపోయి ఎరిత్రోపాయిటిన్‌ను అదనంగా స్రవించవు. కొత్త ఎర్రకణాలు పుట్టవు. దీన్ని 'ఎత్తుప్రదేశ శిక్షణ' అని అమ్మడం వంచన కాక మరేమిటి?

"నాలుగు రోజుల ముందు వెళితే రక్తం చిక్కబడుతుంది" అనేది మరో ప్రచారం. తొలి రోజుల్లో హిమోగ్లోబిన్ పెరిగినట్టు కనిపించడానికి కారణం రక్తంలోని ద్రవభాగం తగ్గడమే. ఎర్రకణాలు నిజంగా వృద్ధి కావడానికి వారాలు పడుతుంది. లెవిన్, స్ట్రే-గండర్సన్ 1997లో ప్రచురించిన ప్రసిద్ధ పరిశోధనలో పరుగువీరులు 4 వారాల పాటు 2,500 మీటర్ల ఎత్తున నివసించారు. వారిలో 1,250 మీటర్లకు దిగి సాధన చేసినవారికే 5,000 మీటర్ల పరుగులో వేగం పెరిగింది. పైనే ఉండి పైనే సాధన చేసినవారికి ఎర్రకణాలు పెరిగినా వేగం పెరగలేదు. పలుచని గాలిలో తగినంత వేగంగా సాధన చేయడమే కష్టం.

పైగా ఇనుము లేనిదే ఎర్రకణం తయారు కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 ప్రకారం మన దేశంలో 15–49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ముసుగు కొనేముందు ఫెరిటిన్ పరీక్ష చేయించుకునేవారు ఎందరు?

1968 మెక్సికో ఒలింపిక్స్ జరిగిన నగరం ఎత్తు 2,240 మీటర్లే. ప్రపంచ రికార్డు తన పేరిట ఉన్న రాన్ క్లార్క్ అక్కడ 10,000 మీటర్ల పరుగు ముగియగానే కుప్పకూలాడు. లేహ్ అంతకన్నా 1,200 మీటర్లకు పైగా ఎక్కువ ఎత్తు. అక్కడ ఊపిరితిత్తుల్లో నీరు చేరే వ్యాధి దృఢకాయులనూ వదలదు. విశ్రాంతిలోనూ ఆయాసం, ఆగని దగ్గు వస్తే ప్రాణవాయువు అందిస్తూ వెంటనే కిందికి దించాలి. దేహదారుఢ్యం ఇక్కడ రక్షణ కాదు. చేరిన తొలిరోజే పరుగెత్తే సాహసాన్నిచ్చి అపాయాన్ని పెంచుతుంది కూడా.

ఆ యువకుణ్ణి పది రోజుల ముందే లేహ్ చేరి, మొదటి రెండు రోజులూ గదిలోనే విశ్రాంతి తీసుకొమ్మన్నాను. అంత సెలవు దొరకదన్నాడు. అయితే ఈ ఏడాదికి ఆ పరుగు మానుకొమ్మన్నాను.